నాకూ వచ్చిందండీ

జగన్మోహనరావుగారికి రాని జబ్బు లేదు. మీరు ఏ రోగం పేరు చెప్పినా సరే, అది అంతకుముందే ఆయనకి వచ్చి, ఆయన చేతిలో నానా అవస్థలూ పడి, తోక ముడిచి వెళ్ళిపోయి ఉంటుంది. "నాకూ వచ్చిందండీ. తగ్గిపోయింది," అంటారాయన, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ. ఏలూరులో ఆ పేట పేటంతా ఈ మాట వినీ వినీ విసిగిపోయింది. అందరికన్నా ఎక్కువ విసిగిపోయింది ఆయన కోడలు హర్షిణి. మిగతావాళ్ళు ఆయన్ని చూడగానే సందు మలుపు తిరిగి తప్పించుకోవచ్చు. ఆవిడ ఎక్కడికి పోతుంది పాపం, ఉండేది అదే ఇల్లాయె!

పక్కింటి ప్రసాదరావుగారికి కిడ్నీలో రాయి వచ్చింది. "శనగగింజంత ఉందన్నారండీ," అని ఆయన మూలుగుతుంటే, ఈయన గోడ మీంచి తొంగిచూసి, "నాకూ వచ్చిందండీ. ఉసిరికాయంత. తగ్గిపోయింది," అన్నారు. ఉసిరికాయంత రాయి ఏ దారిన పోయిందని ప్రసాదరావుగారు అడగలేదు. మర్యాదస్తుడు.

కలిదిండిలో రొయ్యల చెరువులున్న సుందరరావు ఒక పెళ్ళిలో కనబడి, "ఏం చెప్పమంటారండీ, ఈ ఏడు మా రొయ్యలకి తెల్లమచ్చ రోగం తగులుకుందండీ," అని తల పట్టుకున్నాడు. "నాకూ వచ్చిందయ్యా, వీపు మీద. తగ్గిపోయింది," అనేశారు ఈయన. సుందరరావు చేతిలో లడ్డూ చేతిలోనే ఉండిపోయింది.

తాడేపల్లిగూడెం నుంచి వస్తున్న పాసింజరులో అయితే మరీ విడ్డూరం. ఎదుటి సీట్లో ఒకావిడ తన గర్భసంచి ఆపరేషన్ గురించి చెప్పుకుంటోంది. ఈయన అలవాటుకొద్దీ "నాకూ..." అని మొదలెట్టారు. పెట్టె పెట్టంతా ఇటే తిరిగింది. "...ఇలాంటివి బాగా తెలుసండీ," అని ఎలాగో గట్టెక్కారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన భార్య లక్ష్మీకాంతంగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. "పెళ్ళయ్యాక ఈ మనిషికి తుమ్మొచ్చి కూడా ఎరగనే అమ్మాయ్. గుండ్రాయి!" అనేవారు కోడలితో.

హర్షిణి దెందులూరు హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. తెల్లారి లేస్తే వంట, బస్సు, పాఠాలు, మళ్ళీ బస్సు, మళ్ళీ వంట. ఒంట్లో ఓపికన్నది ఎప్పుడూ అడుగంటే ఉండేది కాబట్టి, ఎడమ చెంప తిమ్మిరెక్కినా అలసటే అనుకుంది. ఒకరోజు బోర్డు మీద గీసిన త్రిభుజం రెండు త్రిభుజాలుగా కనబడింది. పడుతూ లేస్తూ ఇంటికొచ్చేసరికి అరుగు మీద ఇద్దరు మావగార్లు కూర్చుని ఉన్నారు. "దేవుడా, ఒక్కరితోనే వేగలేక చస్తున్నానే!" అనుకుంటూ గుమ్మంలోనే కూలబడింది.

స్కానింగులన్నీ అయ్యాక విజయవాడలో పెద్ద ఆసుపత్రికి వెళ్ళారు. సర్జన్ విశ్వతేజ కుర్రవాడే గానీ నిదానస్తుడు. మెదడు కిందికి దిగి వెన్నుపాముతో కలిసేచోట కాడలాంటి భాగం ఒకటుందనీ, ఊపిరీ, మింగడమూ, కళ్ళ కదలికా, మొహం కదలికా అన్నిటి నరాలూ ఆ ఇరుకులోంచే వెళతాయనీ తెర మీద చూపించాడు. సరిగ్గా అక్కడే సన్నటి రక్తనాళాలు చిక్కుపడి ముద్దకట్టాయి. ఆ ముద్దలోంచి ఇప్పటికే రెండుసార్లు రక్తం కారింది.

"అలాగే వదిలేస్తే ఏమవుతుందండీ?" అని అడిగాడు హర్షిణి భర్త శరత్‌చంద్ర.

"మళ్ళీ కారొచ్చండీ. ఈసారి ఎంత కారుతుందో, ఏం పట్టుకుపోతుందో చెప్పలేం. ముద్ద పైపొరకి ఆనుకుని ఉంది కాబట్టి తలవెనక నుంచి వెళ్ళి తియ్యడానికి దారుంది. కానీ తీసేటప్పుడు మూతి వంకరపోవచ్చు, మింగడం కష్టం కావచ్చు. ప్రాణానికి భయం లేదని కూడా నేననను. ఇలా రావడం చాలా అరుదండీ."

శరత్‌చంద్ర హర్షిణి చెయ్యి పట్టుకున్నాడు.

"నాకూ వచ్చిందండీ," అన్నారు జగన్మోహనరావుగారు.

డాక్టరు కుర్చీతో సహా ఇటు తిరిగాడు. "మీకాండీ?"

"ఆఁ. కుడివైపు. తగ్గిపోయింది."

"నాన్నా!" అన్నాడు శరత్‌చంద్ర, పళ్ళు కొరుకుతూ.

"ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నారండీ?"

"ఆపరేషన్ దాకా ఎందుకు రానిస్తానండీ? దానంతటదే పోయింది."

డాక్టరు నవ్వాపుకుని, కారిన రక్తం కాస్త కరిగితే పని సులువవుతుందనీ, కొన్ని వారాలాగి చేద్దామనీ, ఈలోగా బాగా ఆలోచించుకోమనీ చెప్పి పంపాడు.

ఆలోచించుకోనిస్తేగా! పలకరింపులు మొదలయ్యాయి. మనిషి మంచాన పడిందంటే పలకరించకపోతే తప్పు కదా! డజను అరటిపళ్ళతో వచ్చిన కామేశ్వరిగారు మంచం పక్కనే కుర్చీ వేయించుకుని, "మా ఆడపడుచు తోటికోడలికీ తలలోనే ఇలాగే ఏదోనమ్మా. బంగారంలాంటి పిల్ల. పాపం..." అని నిట్టూర్చి, కాఫీ తాగి వెళ్ళారు. ఆ వెనక వచ్చినవాళ్ళకి పినతండ్రి కొడుకో, ఆఫీసులో గుమాస్తాగారో ఉండనే ఉన్నారు. అందరి కథా ఆ "పాపం" దగ్గరే ఆగిపోయేది. వాళ్ళటు వెళ్ళగానే అరుగు మీంచి మావగారు: "నాకూ వచ్చిందమ్మా. తగ్గిపోయింది."

ఒక సాయంత్రం హర్షిణి ఓపిక అయిపోయింది. తల పగిలిపోతోంది. ఏడవడానికి కూడా శక్తి లేదు.

"మీకు రాలేదు మావయ్యగారూ! నాకొచ్చింది. ఊళ్ళో జబ్బులన్నీ మీరే తీసుకోండి. ఈ ఒక్కటీ నాకు వదిలిపెట్టండి."

ఆయన తువ్వాలు చేతిలోకి తీసుకున్నారు. దులపలేదు. "అలాగేనమ్మా," అన్నారు.

ఆ తరవాత నోరు విప్పితే ఒట్టు. గోడ అవతల నుంచి ప్రసాదరావుగారు తనకి షుగరొచ్చిందని చెప్పి, ఎదురుచూశారు. "అయ్యో, అలాగాండీ," అన్నారీయన. అంతే! ప్రసాదరావుగారు బెంబేలెత్తిపోయి, "మీ మావగారికి ఒంట్లో బాగుండలేదామ్మా?" అని హర్షిణినే అడిగారు.

ఇల్లు హాయిగా ఉంటుందనుకుంది హర్షిణి. హాయి కాదు సరికదా, భయమేసింది. వచ్చేవాళ్ళ "పాపం" ఒక్కటే గోడలకి పట్టుకుని మిగిలింది. దానికి బదులిచ్చే ఆ రెండో మాట లేకపోయేసరికి, రాత్రి కళ్ళు మూస్తే తెల్లారి తెరుస్తానో లేదో అనిపించేది. ఇన్నాళ్ళూ విసుక్కున్న మాటకోసం ఇలా చెవులు రిక్కించుకుంటానని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. అయినా ఆపరేషన్‌కి ఒప్పుకుంది. భయపడీ భయపడీ అలిసిపోయి ఒప్పుకుంది.

ఆ రోజు పొద్దున్న స్ట్రెచర్ మీద తీసుకెళుతున్నారు. శరత్‌చంద్ర మొహం పాలిపోయి ఉంది. లక్ష్మీకాంతంగారు దణ్ణాలు పెడుతున్నారు. మావగారు గోడకి ఆనుకుని, నేల చూపులు చూస్తున్నారు. హర్షిణి చెయ్యి చాపి ఆయన తువ్వాలు కొస పట్టుకుంది.

"మావయ్యగారూ, ఇది మీకూ వచ్చిందా?"

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. తువ్వాలు ఫెళ్ళున దులిపి భుజాన వేసుకున్నారు.

"రాకపోవడమేవిటమ్మా! వచ్చింది. తగ్గిపోయింది. ఇదిగో, నీ ఎదురుగా గుండ్రాయిలా నిలబడి లేనూ?"

హర్షిణి నవ్వుతూ లోపలికి వెళ్ళింది.

పొద్దున్న వెళ్ళిన మనిషిని సాయంత్రానికి బయటికి తెచ్చారు. ముద్ద మొత్తం వచ్చేసిందన్నాడు విశ్వతేజ. ఎడమవైపు మూతి కాస్త వంకరపోయింది. చూపు ఇంకా రెండుగానే ఉందని ఒక కంటికి గంత కట్టారు. కొన్నాళ్ళు గొట్టంతోనే ఆహారం. ఆ తరవాత మెల్లిగా మింగడం నేర్పుతూ, ఉప్పూ కారం లేని చిక్కటి జావ పెట్టేవారు. మావగారు కూడా ఒక కంటికి రుమాలు కట్టుకుని, ఎదురుగా కూర్చుని అదే జావ తినేవారు. ఆ ఒంటికన్నుతో నడవాలో వెళుతూ మందుల బండిని గుద్దేశారు.

"తాతగారూ, మీకేమైందండీ?" అని కంగారుపడింది నర్సు జెస్సీ.

"నాకూ వచ్చిందమ్మా," అన్నారు మోకాలు రుద్దుకుంటూ.

హర్షిణి మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, ఒకసారి చూపించుకోవడానికి మావగారే తోడు వచ్చారు. ఆసుపత్రి బెంచీ మీద, కైకలూరు నుంచి వచ్చిన భార్యాభర్తలు స్కాన్ కవరు ఒళ్ళో పెట్టుకుని బిక్కచచ్చి కూర్చున్నారు. ఆ అమ్మాయికీ మెదడు కాడలోనే, ఇలాంటి ముద్దేనట. జగన్మోహనరావుగారు తువ్వాలు అందుకుని గొంతు సవరించుకున్నారు.

"మీరుండండి మావయ్యగారూ," అని హర్షిణి ఆ అమ్మాయి పక్కకి జరిగి చెయ్యి పట్టుకుంది. "నాకూ వచ్చిందండీ. తగ్గిపోయింది. ఇదిగో, నన్ను చూడండి. కొన్నాళ్ళు ఉప్పూ కారం లేని జావ తినాలంతే."

ఆ అమ్మాయి చూసింది. వంకర మూతిని, జుట్టు కింద మచ్చని, బెంచీ కింద టిఫిన్ క్యారియర్‌ని, అన్నీ చూసింది. కవరు పక్కన పెట్టి, "జావ తినడం మరీ కష్టమాండీ?" అని అడిగింది.

తిరుగు బస్సులో మావగారు హనుమాన్ జంక్షన్ దాకా మొహం ముడుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. అది దాటాక ఇక ఉండబట్టలేకపోయారు.

"ఎంత చెప్పినా నీది ఎడమవైపేగా అమ్మాయ్. కుడివైపు ఎంత కష్టమో నీకేం తెలుసు?"

"తగ్గిపోయిందిగా మావయ్యగారూ!" అంది హర్షిణి.