తొంభై ఆరు అగ్గిపెట్టెలు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజుల్లో, పరిశోధన అనేది దీర్ఘవ్యాధి లాంటిదనీ, దానితో సర్దుకుపోవడమే తప్ప నయం కావడమంటూ ఉండదనీ నాకు గట్టిగా అనిపించేది. అప్పటి సంగతి చెప్పే ముందు నిశ్చయంగా తెలిసినదేదో, వినికిడి ఏదో విడదీసి చెప్పడం నా అలవాటు. (ఈ అలవాటు వల్లే మా ఇంట్లో నాకు కబుర్లు చెప్పడం అందరూ మానేశారు; ఏది చెప్పినా ‘నువ్వు చూశావా?’ అని అడుగుతానట.) కలిదిండి వైపు, చేపల చెరువుల మధ్యనున్న ఒక ఊళ్ళో, నాలుగు వీధుల్లో, తొంభై ఆరు ఇళ్ళకు నేను రెండు విడతలుగా తిరిగాను. ఇది నిశ్చయం. తొంభై ఆరు అగ్గిపెట్టెలను నా చేతులతో తెరిచాను. ఇదీ నిశ్చయం. మధ్యలో ఒక గురువారం మధ్యాహ్నం ఆ ఊరి ఆడవాళ్ళ ప్రార్థన కూడికలో ఏం జరిగిందన్నది మాత్రం వినికిడి. ఆ సంగతి నాకు ఇద్దరు చెప్పారు, వాళ్ళ మాటలు ఒకదానితో ఒకటి పూర్తిగా కలవలేదు. ఊరి పేరు రాయను. రాయనని అప్పుడే మాటిచ్చాను.

నేను చదివింది గణాంకశాస్త్రం. డాక్టరేటుకు చేరింది మాత్రం సామాజికశాస్త్రాల విభాగంలో. మనుషుల మధ్య ఉండేవాటిని అంకెల్లో కొలవడమెలా అన్నది అక్కడ మా పని, అందులో నా వంతుకు వచ్చింది ఇరుగుపొరుగుల మధ్య నమ్మకం. ఎవరి మాటా ఊరికే నమ్మని మనిషికి ఈ విషయమెందుకిచ్చారని మా అమ్మ అడిగింది. మా గైడుగారికి విద్యార్థులు పెట్టుకున్న పేరు ‘అయితేఏంటి మాస్టారు’. ఎన్ని పేజీలు రాసుకెళ్ళినా ఓపిగ్గా చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి, ‘అయితే ఏంటి?’ అనేవారు. అందులో కోపం ఉండేది కాదు, ఆసక్తీ ఉండేది కాదు. అలా అయిదేళ్ళు గడిచాయి. ఉదయం ఏలూరులో పాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెంలో దిగడం, ఒక ప్రైవేటు కాలేజీలో రెండు క్లాసులు చెప్పడం, మధ్యాహ్నం అక్కడి ఇంటర్నెట్ సెంటర్లో కరెంటు ఉన్నంతసేపు అంకెలు ఎక్కించడం, సాయంత్రం మళ్ళీ పాసింజరు. ఆ ఏడు మార్చి నెలాఖరు యూనివర్సిటీ నాకిచ్చిన ఆఖరి గడువు. అప్పటికి కనీసం ఫలితాల అధ్యాయం ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషను రద్దవుతుంది, అయిదేళ్ళ రాకపోకలూ గోదావరి కాలవలో కలుస్తాయి.

ఆ ఊరు ఎంచుకోవడానికి శాస్త్రీయమైన కారణాలు మూడు రాశాను. అసలు కారణం, మా పిన్ని అక్కడి బడిలో లెక్కల టీచరు. ఉండడానికి ఇల్లు, తినడానికి చేపల పులుసు దొరుకుతాయి. వీధికి ఇరవై నాలుగు ఇళ్ళ చొప్పున యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి ఎంచుకుని, ఫారాలు పట్టుకుని బయల్దేరాను. మీ వీధివాళ్ళని మీరెంత నమ్ముతారు? అసలు నమ్మకపోతే ఒకటి, పూర్తిగా నమ్మితే అయిదు. ప్రశ్న అడగడానికి అరుగు మీద కూర్చునేసరికి వీధిలో సగంమంది వచ్చి చుట్టూ నిలబడేవారు. విడిగా మాట్లాడాలండీ అంటే, ‘అందరూ మనవాళ్ళేనండి, పర్లేదండి, అడగండి’ అనేవారు. మురుగుకాలవ మలుపులో ఉండే ఒకావిడకీ పక్కింటావిడకీ ఆ కాలవ విషయంలోనే రెండేళ్ళుగా మాటల్లేవని పిన్ని ముందే చెప్పింది. ఆవిడ దగ్గర కాస్త వేరే అంకె దొరుకుతుందని ఆశగా వెళ్ళాను. ఆవిడ ఒకసారి చుట్టూ చూసి, పక్కింటావిడ కూడా మందిలో ఉందని గమనించి, గొంతు సవరించుకుని అంది:

“అయిదు వేసుకోండమ్మా. అంతకన్నా పై అంకె ఉంటే అదే వేసుకోండి.”

తొంభై ఆరు ఇళ్ళూ అయిదే. నమ్మకానికి సగటు అయిదు, విచలనం సున్నా. జవాబుల్లో తేడా లేకపోతే మా శాస్త్రానికి చేసేందుకు పనే ఉండదు. అందరి ఎత్తూ ఒకటే అయిన ఊళ్ళో పొడుగెవరో చెప్పమన్నట్టు ఉంటుంది. మాస్టారు పట్టిక చూశారు. ఈసారి ‘అయితే ఏంటి’ అని కూడా అనలేదు. ‘ఇందులో నువ్వు కొలిచింది వాళ్ళ మర్యాదని. నమ్మకాన్ని కొలుచుకురా’ అన్నారు. మార్చి గడువుకి పదకొండు వారాలుంది.

యూనివర్సిటీ నుంచి తిరుగు బస్సులో చేపల ఐసు పెట్టెల పక్కన కూర్చుని ఆలోచించాను. ఎవరూ వినకుండా, ఎవరూ చూడకుండా చెప్పే వీలు కల్పించాలి. తాడేపల్లిగూడెంలో అగ్గిపెట్టెలు కట్టలుగా కొని, పుల్లలన్నీ తీసేసి, ఒక్కో ఇంటికీ ఒక ఖాళీ పెట్టె, అయిదు చింతపిక్కలు ఇవ్వాలనుకున్నాను. ఎంత నమ్మితే అన్ని పిక్కలు పెట్టెలో వేసి, మిగిలినవి పారేసి, మూసి ఇస్తే చాలు. పేరు ఉండదు, ఇంటి నంబరు ఉండదు. ఏ వీధిదో తెలియడానికి మాత్రం ఒక రంగు చుక్క. పెట్టె ఊపితే చప్పుడును బట్టి లోపల ఎన్నున్నాయో తెలిసిపోతుందన్న అనుమానం వచ్చి, ఒక్కోదాంట్లో కాస్త దూది కూడా కూరాను. (అనుమానం అప్పట్లో నా ప్రధాన ఆహారం.) తీసేసిన పుల్లలన్నిటినీ పిన్ని ఒక పెద్ద గాజు సీసాలో పోసుకుని, రెండేళ్ళదాకా కొనక్కర్లేదని సంతోషించింది. గీయడానికి గరుకు ఉండేది పెట్టెకేనని మాకిద్దరికీ ఆ సాయంత్రం పొయ్యి దగ్గర తెలిసింది. ఒక్క పెట్టె ఇవ్వవే అని బతిమాలింది. అవి డేటా అని ఇవ్వలేదు.

పెట్టెలు పంచే ముందు రోజు అలసట మీద పిన్ని దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. అందరూ ఒకటే జవాబిస్తే నా చదువు ఇక్కడితో ఆగిపోతుందన్నాను. ‘మరెలా రావాలే?’ అంది. పాత ఫారం వెనక ఒక గీత గీసి చూపించాను: మధ్యలో ఎక్కువమంది, అటూ ఇటూ పోయేకొద్దీ తక్కువమంది. పిన్ని దాన్ని కాసేపు చూసి, ‘బోర్లించిన గిన్నెలా ఉండాలన్నమాట’ అని, ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఆ మడతని నేను కళ్ళారా చూశాను. అయినా ఏమీ అనుమానించలేదు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వరకూ ప్రతి ప్రాణినీ శంకించిన దాన్ని, మా పిన్నిని శంకించలేదు.

మంగళవారం పంచాను, ఆదివారం సాయంత్రం సంచుల్లో తెచ్చుకున్నాను. నాలుగు వీధుల పెట్టెలూ ఒకే చాప మీద కుమ్మరించి, ఒక్కోటి తెరిచి, రంగూ అంకే రాసుకుంటూ పోయాను. ఒకట్లున్నాయి, రెళ్ళున్నాయి, మూడులు బోలెడున్నాయి, నాలుగులూ అయిదులూ ఉన్నాయి. ఒక్క పెట్టెలో మాత్రం దూది తప్ప ఏమీ లేదు. అలాంటిది ఒకటీ అరా ఉంటుందని దాన్ని ‘జవాబు లేదు’ కింద రాసుకున్నాను. అన్నీ కలిపి గీస్తే పాఠ్యపుస్తకంలో అచ్చు వేయదగ్గ బోర్లించిన గిన్నె వచ్చింది. మాస్టారు ఆ గీతను చాలాసేపు చూసి, ‘బాగుంది. రాయడం మొదలుపెట్టు’ అన్నారు. అయిదేళ్ళలో ఆ మాట వినడం అదే మొదలు. ఆ రోజు పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని నేను కూనిరాగం తీశానని ఒక సహోద్యోగిని చెప్పింది. ఇది వినికిడి.

వారం తర్వాత, ఏదో ఒక చిన్న పట్టిక అధ్యాయంలో చేర్చడం కోసం, ఇంటర్నెట్ సెంటర్లో అంకెలను వీధుల వారీగా విడదీశాను. మొదటి వీధిలో ఒకట్లు మూడు, రెళ్ళు అయిదు, మూడులు ఎనిమిది, నాలుగులు అయిదు, అయిదులు మూడు. రెండో వీధిలో మూడు, అయిదు, ఎనిమిది, అయిదు, మూడు. నాలుగో వీధిలోనూ అంతే. మూడో వీధిలో ఎనిమిది ఉండాల్సిన చోట ఏడు. తక్కువైన ఆ ఒక్కటీ ఖాళీ పెట్టె. వరిచేల రైతుల వీధి, చెరువుల మీద కూలికెళ్ళేవాళ్ళ వీధి, చర్చి వీధి, బడి వీధి, ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు వీధులూ ఒకే గిన్నెని నాలుగుసార్లు బోర్లించినట్టు వచ్చాయి. అలా దానంతటదే జరిగే అవకాశమెంతో లెక్క కట్టబోయి మానేశాను. లెక్కల టీచరు చెయ్యి కనబడుతున్నప్పుడు అవకాశాలు లెక్కపెట్టడం అనవసరం. అంతలో కరెంటు పోయింది.

మర్నాడే వెళ్ళాను. పిన్ని దబాయించలేదు, దాచనూ లేదు. నాకు టీ ఇచ్చి, తానే మొదలుపెట్టింది.

“కూడికలో నీ చదువు గురించి ప్రార్థన చేయమని అడిగానే. చేశారు. తర్వాత ఎవరో, ప్రార్థనతో పాటు మనం చేయగలిగింది ఏమైనా ఉందా టీచరుగారూ అన్నారు. నువ్వు గీసిన కాగితం దగ్గరుంది కదా అని చూపించాను. ఇరవై నాలుగుకి పంచి పెట్టాను, అంతే.”

“అంతేనా పిన్నీ?”

“మధ్యలో ఎక్కువ, అటూ ఇటూ తక్కువ అన్నది నువ్వే కదే. నేను తప్పు వేశానా?”

తప్పు వేయలేదు. తప్పు వేసి ఉంటే నేను పట్టుకునేదాన్ని కాదు. మిగతా వీధులకు మాట ఎలా చేరిందంటే, మర్నాడు పొద్దున పాలకేంద్రం దగ్గర పిన్ని ఈ సంగతి రైతుల వీధిలో ఉండే ‘మైకత్తయ్యగారి’కి చెప్పింది. ఆవిడ గొంతుని బట్టి వచ్చిన పేరు అది. ఆవిడకి ఒకసారి చెబితే ఊరికి వేరే చెప్పక్కర్లేదు. మేం మాట్లాడుకుంటున్నామని తెలిసి ఆవిడే వచ్చి గుమ్మంలో కూర్చుంది. అంకెలు పంచడంలో వాళ్ళు పడిన కష్టం నాకు తెలియాలని ఆవిడ ఉద్దేశం.

“మూడులకీ నాలుగులకీ ఇబ్బంది లేదండి అమ్మాయిగారూ. ఒకటి వేయడానికే ఎవరూ ఒప్పుకోలేదండి. పక్కవాళ్ళని నమ్మనని ఎలా వేస్తామండీ, అబద్ధమైనా సరే, బాగోదు కదండీ. చివరికి చీట్లు తీశాం. ఒకటి వచ్చినవాళ్ళు ముందు ఇరుగింటికీ పొరుగింటికీ వెళ్ళి, చదువుకునే పిల్ల కోసం వేస్తున్నామండి, ఏమీ అనుకోకండి అని చెప్పి, అప్పుడు వేశారండి.”

మురుగుకాలవ ఆవిడకీ ఒకటే వచ్చిందట. రెండేళ్ళ తర్వాత పక్కింటి గుమ్మం ఎక్కి, ఏమీ అనుకోవద్దని చెప్పడానికి వెళ్ళిందట. పిన్ని కథనం ప్రకారం ఇద్దరూ కూర్చుని కాఫీ తాగారు. మైకత్తయ్యగారి కథనం ప్రకారం కాఫీ లేదు, ఇద్దరూ ఏడ్చారు. ఏది నిజమో తేల్చుకోలేకపోయాను. ఎంత అడిగినా మూడో సాక్షి దొరకలేదు.

ఆ తర్వాత రెండు రోజులు నేను పాసింజరులో వెళ్తూ, వస్తూ ఒకటే ఆలోచించాను. గడువుకి ఇంకా అయిదు వారాలుంది. వీధుల వారీ పట్టిక నేను వేయకపోతే మరొకరు వేసే అవకాశం తక్కువ. గీత అందంగా ఉంది, మాస్టారు సంతోషించారు, తొంభై ఆరు ఇళ్ళు ప్రార్థించి మరీ ఇచ్చిన బహుమానం. దాన్ని నా నిజాయితీ కొద్దీ తిరస్కరించానని రాసుకోవాలని ఉంది కానీ, దానికి ఆధారం లేదు. ఏ పరీక్షకుడైనా అదే పట్టిక వేస్తాడేమోనన్న భయం అందులో ఎంతపాలో ఇప్పటికీ విడదీయలేను. ఏదైతేనేం, వెళ్ళి మాస్టారికి మొత్తం చెప్పాను, చీట్లతో సహా. నా గొంతులో అప్పటికే గడువు అయిపోయిన నీరసం ఉంది. ఆయన కళ్ళజోడు తీసి, అలవాటైన మాటే అన్నారు.

“అయితే ఏంటి?”

అయిదేళ్ళలో మొదటిసారి అది నాకు నిజమైన ప్రశ్నలా వినిపించింది. జవాబు ఆలోచించి చెప్పాను: నమ్మకం లేదని చూపించడానికి నాలుగు వీధులు ఒక మాట మీద నిలబడ్డాయి సార్, అలా నిలబడాలంటే వాళ్ళలో ఎంత నమ్మకం ఉండాలి, దాన్ని కొలిచే పద్ధతి నా దగ్గర లేదు. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ఆ పద్ధతి లేదన్నదే రాయమన్నారు. అడిగేవాళ్ళ మీద జాలితో జవాబులు ఎలా మారతాయన్నది నా సిద్ధాంతగ్రంథం అయింది. మాస్టారు యూనివర్సిటీలో ఎవరెవరి గుమ్మాలెక్కారో తెలియదు, గడువు ఇంకోసారి పొడిగించారు. మళ్ళీ రెండేళ్ళ పాసింజరు, మళ్ళీ అదే కిటికీ. పట్టా వచ్చిన రోజున పిన్ని, ‘మేం వేసిన అంకెలే పనికొచ్చాయన్నమాట’ అంది.

ఇప్పుడు నేను పరిశోధన విద్యార్థులకు ప్రశ్నావళి తయారీ చెబుతుంటాను. అయిదు పిక్కలతో ఊరి మనసు తూచవచ్చని బయల్దేరిన ఆ నీరసపు పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది. అంతమంది ఒక్కసారిగా ఆమె మేలు కోరిన వారం మళ్ళీ రాలేదు. ఆ ఖాళీ పెట్టె నా బల్ల మీదే ఉంది. తొంభై ఆరింటిలో పిన్ని చెప్పినట్టు వినని పెట్టె అదొక్కటే, అంటే నాకు దొరికిన అసలైన జవాబు అదొక్కటే కావచ్చు. ఎవరినీ నమ్మనని చెప్పారా? అబద్ధపు అంకె వేయడం ఇష్టంలేక ఊరుకున్నారా? లేక ఇంట్లో పిల్లలు వామనగుంటలకి పిక్కలు పట్టుకుపోయారా? తెలియదు. ఎవరేది వేశారో ఎన్నటికీ అడగనని ఆనాడు మాటిచ్చాను, అది ఒక కారణం. మాట తప్పినా లాభం ఉండదన్నది రెండోది. ఇన్నేళ్ళ తర్వాత పనిగట్టుకుని వచ్చి అడిగానని తెలిస్తే, నన్ను ఉత్తచేతులతో పంపడం ఇష్టంలేక, ఆ వీధిలో కనీసం పదిళ్ళవాళ్ళు ‘అది మాదేనండి’ అంటారు.