నేను చూసిన బాణం

ఈ మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరో స్కెచ్‌పెన్ మూత తీశారు. ఆ ఘాటు వాసనకి సుగుణ మేడం గుర్తొచ్చారు, ఆవిడతోపాటు నా పాత కుళ్ళు కూడా. తొంభైల చివర్లో నరసాపురం కాలేజీలో ఆవిడ మాకు ఫిజిక్స్ చెప్పేవారు. కళ్ళకి శుక్లాలు వచ్చి సన్న గీతలు కనిపించేవి కావు. అందుకని ఎవరు చార్ట్ గీసినా నేను సరిచూసి, మూలన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాకే అది గోడకెక్కాలి. నాకదంతా చాకిరీలా ఉండేది.

భూమి చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం, సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలిని గోడలా ఆపుతుందని ఒకరోజు చెప్పారు. మరి ఒక్కోసారి ఆ గాలి లోపలికెలా దూరుతుందని అడిగారు. క్లాసులో ఫస్టు నేనే, అయినా నాకు తట్టలేదు. లేసు అల్లేవాళ్ళమ్మాయి కరుణ లేచి సంచిలోంచి రెండు దారాలు తీసింది. ఆ గాలి తన అయస్కాంత గీతల్ని కూడా మోసుకొస్తుంది కదా, అవి భూమి గీతలకి ఎదురు దిక్కులో ఉంటే, తాకినచోట రెండూ తెగి ఒకదాని ముక్క ఇంకోదానితో అతుక్కుంటుందేమో, అక్కడే దారి పడుతుందేమో అంది. అంటూనే దారాలు కత్తిరించి, మార్చి ముడేసి చూపించింది. మేడం ఆ ముడిని వేళ్ళతో తడుముతూ మురిసిపోయారు. నాకు ఒళ్ళు మండింది. రాజమండ్రిలో జరిగే విద్యార్థుల సెమినార్ పోటీకి మా కాలేజీకి ఉన్న ఒక్క అవకాశమూ కరుణకే ఇచ్చారు.

కరుణ చార్ట్ నా దగ్గరికొచ్చింది. సూర్యుడి గీత మీద బాణం దక్షిణానికి ఉండాలి. కంగారులో అదీ భూమి గీతలాగే ఉత్తరానికి వేసేసింది. రెండూ ఒకే దిక్కుకి ఉంటే తెగడమూ లేదు, అతకడమూ లేదు. చూశాను. చూసే టిక్కు పెట్టాను.

రాజమండ్రిలో జడ్జి ఒకాయన ఆ బాణమే చూపించి అడిగారు. కరుణ చార్ట్ చుట్టేసి స్టేజి దిగిపోయింది. చార్ట్‌లు మోయడానికి నేనూ వెళ్ళాను. తిరుగు బస్సులో మేడం నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“నీకు కనపడలేదా అమ్మా?”

“కనపడిందండి.”

ఆవిడ తిట్టలేదు. “సెమినారేగా దానికిచ్చింది. నా కళ్ళు నీకిచ్చానే, తల్లీ” అన్నారు. ఎవరికేమిచ్చారో నాకప్పుడు తెలిసింది, సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు కరుణకి నిజం చెప్పాను. డిగ్రీ అయిపోయేదాకా తను నాతో మాట్లాడలేదు. తర్వాత అదే విషయం మీద పరిశోధన చేసి పెద్ద పేరే తెచ్చుకుంది. ఆ పేరు ఎక్కడ కనబడినా ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

నేనూ లెక్చరర్నయ్యాను. తోటివాళ్ళు తాము రాసినవి చూసిపెట్టమని తెస్తారు. నాకంటే బాగా రాసినవాళ్ళని చూస్తే ఏడుపొస్తుంది. ముందు తప్పు ఎక్కడుందో చెప్పేస్తాను. ఏడవడం వాళ్ళు వెళ్ళాకే.