పడవలో మోకాళ్ళ మీద

1968 నవంబరు 12, మంగళవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. యూనివర్సిటీలో మా షెడ్డులోకి గ్యాసు సిలిండరు వచ్చిన సమయం. నిన్న తార్నాకలో మా వంటింట్లో అదే వాసన లీలగా తగిలి, ఆ తేదీ మళ్ళీ ముందుకొచ్చింది.

షెడ్డులో ఉన్నది పడవ. చేపల మీద పరిశోధన చేసే మా గైడు రాహేలు మేడమ్‌ది. ఆవిడది భీమవరం వైపు. చలికాలంలో పది రోజులు జలాశయం మీదే ఉండి చేపలు లెక్కపెట్టాలి. ఆ లెక్క లేకపోతే నా పిహెచ్‌డి లేదు. వంటకీ, వేడినీళ్ళకీ జనరేటరు పెట్టుకోమని అందరూ చెప్పారు. ఆవిడ వినలేదు.

"ఆ మోతకి చేపలు పారిపోతే ఎవర్ని లెక్కపెడతావే? నన్నా?"

సిలిండరుకు పడవ గది బయట ఒక చెక్కపెట్టె చేయించి, దాని అడుగున రంధ్రాలు పెట్టించారు. లాలాగూడ నుంచి వచ్చే మెకానిక్ యాదగిరి తల పట్టుకున్నాడు.

"పడవకు బొక్కలు గొట్టుడేంది మేడమ్? మునుగుతందుకా?"

"పెట్టెకయ్యా, పడవకి కాదు. గ్యాసు గాలికన్నా బరువు. కారితే నీళ్ళలా కిందికి జారి బయటికి పోవాలి."

అక్కడితో ఆగితే బాగుండేది. రోజూ స్టవ్ వెలిగించే ముందు పడవ గదిలో మోకాళ్ళ మీద వంగి, నేలకు ముక్కు ఆనించి వాసన చూడాలన్నారు. నిలబడి చూస్తే ఒప్పుకోరు. మూడు వారాలు నా చీరలన్నిటికీ రంపపు పొట్టే. ఆ పెట్టెలోకి బొద్దింకలు దూరుతున్నాయని విసుగెత్తి, డిసెంబరు 2 సాయంత్రం రంధ్రాల్లో గుడ్డపేలికలు కుక్కాను. శుభ్రత నాకు చిన్నప్పటి జబ్బు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి టీ పెట్టబోయాను. కొత్త చీర. వంగలేదు. రాత్రంతా కారిన గ్యాసు పెట్టెలో నిండి, గొట్టం సందులోంచి గదిలోకి దిగిందని నాకేం తెలుసు? అగ్గిపుల్ల గీయగానే మంట నేల మీద పాకింది. మేడమ్ నా జడ పట్టుకుని బయటికి ఈడ్చి, తిరిగి వెళ్ళి ఒట్టి చేత్తో సిలిండరు వాల్వు కట్టేశారు. యాదగిరి ఇసుక పోశాడు.

మంట ఆరాక పెట్టె తెరిచి, "గీ పేలికలు ఎవరు కుక్కిన్రు?" అన్నాడు.

నేను కొత్త చీర మీద పడ్డ ఇసుక దులుపుకున్నాను. మేడమ్ నా వైపు చూడనైనా చూడలేదు. "వెలిగించే ముందు అమ్మాయి వంగిందో లేదో నేను చూసుకోవాలి. చూసుకోలేదు," అని, రిపోర్టులో ఎడమ చేత్తో అదే రాశారు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకింత కోపం మిగిలేది కాదు, ఆవిడ మీదా, నా మీదా.

నిన్న కూడా వంగాను. లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

పోయినవి: పడవ గది ఒకటి. చలికాలం ఒకటి. ఆవిడ కుడిచేతి రెండు వేళ్ళ కొసల్లో స్పర్శ. పేలికలు నావేనని ఆవిడ బతికుండగా చెప్పడానికి దొరికిన పదకొండేళ్ళు. నా పిహెచ్‌డి ఏడాది ఆలస్యంగానైనా వచ్చింది కనుక లెక్కలో వేయలేదు.