మిరపకాయల కొట్టు దూలానికి గాజు తీగ

మా నల్లపాడు ఇంట్లో నాలుగేళ్ళు అద్దెకున్న ఫిజిక్సు మాస్టారు పోయారని మొన్న బుధవారం ఆయన తమ్ముడు కార్డు రాశాడు. చదవగానే వాకిట్లో మిరపకాయల కొట్టు వైపు చూశాను. దాని మీద ఇప్పుడు రేకులున్నాయి. అప్పట్లో మట్టి మిద్దె ఉండేది.

ఆయన బల్ల మీద లేజరు ఉండేది. దాని ఎర్రటి వెలుగును వెంట్రుకంత సన్నని రెండు గాజు తీగల్లోకి పంచేవారు. ఒక తీగ పెట్టెలో కదలకుండా ఉండేది. రెండోదాన్ని వాకిలి దాటించి మా కొట్టు దూలానికి అతికించారు. ఆ రెండు వెలుగులూ మళ్ళీ కలిసి తెల్లకాగితం మీద ఎరుపూ నలుపూ గీతలుగా పడేవి. దూలం ఏమాత్రం సాగినా గీతలు జరుగుతాయి, అదే తన పరిశోధన అన్నారు.

మేం కారం దంచినప్పుడల్లా ఆ గీతలు వణికేవి. "మీ రోకలితో నా లెక్కంతా పోతోందమ్మగారూ" అని ఆయన వాపోతే, ఇరుగుపొరుగుతో సహా ఎవరు ఏ వేళకు దంచుతారో ముందే కనుక్కుని పుస్తకంలో రాసిపెట్టేదాన్ని. తొడిమలు తీసే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "రోకలిక్కూడా హాజరు పట్టీనా అమ్మా?"

మూడు రోజుల ముసురు తర్వాత ఒక మధ్యాహ్నం, కొట్టులో ఆరుగురు పనిలో ఉండగా, మాస్టారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"గీతలు జరిగిపోతున్నాయి. అందర్నీ బయటికి పిలవండి."

"బస్తా పూర్తి కానివ్వండి మాస్టారూ. ఎవరో దంచుతున్నారేమో."

"మీ పుస్తకం చూసి చెప్పండి."

చూశాను. ఆ వేళకు ఎవరి దంపుడూ లేదు.

"దంచితే గీతలు వణికి తమ చోటికి వస్తాయి. ఇవి తిరిగి రావడం లేదు."

"దూలం విరుగుతుందంటారా?"

"నాకూ రూఢిగా తెలియదండి. తెలిసేదాకా లోపల మనుషులు ఉండకూడదు."

నా కేకకు అయిదుగురు వచ్చారు. ఆరో ఆమెకు చెవుడు. గది చివర అటు తిరిగి కూర్చుంది. నేను గడప ఇవతలే ఆగిపోయాను. ఆయనే లోపలికి వెళ్ళి చెయ్యి పట్టి లాక్కొచ్చారు. "ఏంది మాస్టారూ, ఒళ్ళో కాయలన్నీ పోయినయ్యి" అని తిడుతూ ఆమె గడప దాటింది. వెనకే దూలం విరిగింది. ఇప్పటికీ ఉరిమితే ఆ చప్పుడే వినిపిస్తుంది.

బస్తా పూర్తి కానివ్వమని నేనన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నేనే చెబుతున్నాను.

దుమ్మూ కారం ఘాటూ కాస్త తగ్గాక, కూలిన మట్టిలో తెగిన గాజు తీగ కొనన ఎర్రటి చుక్క కనిపించింది. ఆయన గదిలో లేజరు ఇంకా వెలుగుతూనే ఉంది. నేను వంగబోయాను.

"అటు చూడకండమ్మగారూ, కళ్ళు పోతాయి" అంటూ ఆయన అరచెయ్యి అడ్డం పెట్టారు. వేళ్ళ అంచులు ఎర్రగా వెలుగుతున్నాయి.