పదిలోంచి మిగిలింది ఒకటి

1986 ఫిబ్రవరి ఒకటి, శనివారం, మధ్యాహ్నం మూడున్నర. నూజివీడులో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా నాకది పదిహేనో సంవత్సరం. శనివారం చివరి పీరియడ్‌లో తొమ్మిదో తరగతి చేత గ్రాఫ్ కాగితం మీద యుద్ధం ఆడించేదాన్ని. ఒకవైపు రాజు సైన్యం, మరోవైపు రాక్షసులు. ఆట నేను తయారుచేసిందే, రూల్స్ నావే.

ఒక్కో దళాన్ని యూనిట్ అనేవాళ్లం. యూనిట్ బలం పది. ఆగకుండా నడిచిన ప్రతి టర్న్‌కూ, అంటే ప్రతి వంతుకూ, అలసట కింద ఒకటి పోతుంది. ఒక వంతు కదలకుండా కూర్చుంటే ఆ ఒకటి తిరిగి వస్తుంది. రాక్షసుల విషపు పొగ తగిలితే రెండు పోతాయి. ఇప్పటి కంప్యూటర్ ఆటల్లో ఇలాంటి విషాన్నీ శాపాన్నీ స్టేటస్ ఎఫెక్ట్ అంటారట. కత్తి దెబ్బ పడకపోయినా యూనిట్‌ను లోపలినుంచి తినేసేది అన్నమాట.

ఆ రోజు నాగమణి యూనిట్ మూడు వంతులు వరసగా నడిచి పొగలో చిక్కుకుంది. పదిలోంచి మూడు, మరో రెండు పోతే ఐదు. ఆ పిల్ల ఒకటి అని రాసింది. నేను దాన్ని కొట్టేసి ఎర్ర ఇంకుతో ఐదు వేశాను.

"తీసివేత కూడా మర్చిపోయావా?"

"అలిసిపోయినోడికి విషం ఎక్కువ ఎక్కుద్దండి, టీచర్‌గారూ."

"రూల్‌లో ఉందా అలాగ?"

"లేదండి. మా నాన్న మామిడి తోటల్లో పురుగుమందు కొడతాడండి. పొద్దున ఏం అవదు. మూడో డ్రమ్ము కొట్టేసరికి చేతులు వణికిపోతాయి. ఇప్పుడు ముద్ద కూడా జారిపోతందండి."

పక్క పిల్ల కిసుక్కున నవ్వింది. "రాక్షసులు కూడా ఆ మందు మీ నాన్న తెచ్చే కొట్లోనే కొన్నారా ఏంటే?"

తరగతంతా నవ్వింది. "కబుర్లు ఆపి రూల్ ప్రకారం ఆడు," అన్నాను నేను.

తన సైన్యానికి తనే నష్టం రాసుకుంది ఆ పిల్ల. గెలవాలని దొంగలెక్క వేసేవాళ్లు అలా వేయరు. ఆ మాత్రం ఇంగితం నాకు లేకపోయింది.

నాలుగో తేదీ మంగళవారం పొద్దున పదకొండింటికి ప్యూన్ వచ్చి నాగమణిని పిలిచాడు. వాళ్ల నాన్న కొండయ్య తోటలో పడిపోయాడు. సాయంత్రం ఆసుపత్రికి వెళ్తే మంచం మీద చొంగ కార్చుకుంటూ, ఎదుటి మనిషిని ఆనవాలు పట్టలేకుండా ఉన్నాడు. మర్నాడు బడికి ముందే ఆ తోట రైతు దగ్గరికి వెళ్లాను.

"కొందరికి మందు పడదండి టీచరమ్మగారూ. ఆడి ఒంటి తత్వం అంత," అన్నాడు.

"రోజుకు ఎన్ని డ్రమ్ములు కొట్టించారు?"

"ఆరండి. పూత నిండా తేనెమంచు పురుగే ఈ ఏడు."

"ఎన్నాళ్లుగా?"

"తొమ్మిది రోజులండి."

యాభై నాలుగు డ్రమ్ములు. ఒక్క మనిషి.

"మధ్యలో ఒక్క రోజైనా కూర్చోనిచ్చారా?"

"ఈడు కూర్చుంటే పురుగు కూర్చుంటదా అండీ?"

"పిల్లల ఆటలో రాక్షసులకు కూడా నేను కూర్చునే వంతు పెట్టానండీ."

"అది ఆటండీ," అని నవ్వాడు. "ఇది పంట."

చేతిలో గొడుగు ఉంది. కొట్టకుండా ఎలా వచ్చానో నాకు తెలియదు. దారిలో కోపం దిగక, నాగమణి అంకె మళ్లీ వేసి చూశాను. అలసట మూడు. విషం రెండు. మూడు రెళ్లు ఆరు. పదిలోంచి మూడు పోతే ఏడు, ఏడులోంచి ఆరు పోతే ఒకటి. అలసటనూ విషాన్నీ నేను కలిపాను, ఆ పిల్ల గుణించింది. రోజూ ఇంట్లో చూస్తున్నది రాసింది. ఇక నా కోపం ఎవరి మీదికి తిరగాలో తెలిసింది.

రూల్ మార్చాను. నాగమణి మళ్లీ ఆడలేదు. కాయకోతలకు కూలికి వెళ్తోందని విని ఇంటికి వెళితే, వాళ్లమ్మ కూతురి చేతులు పట్టుకుని చూపించింది. "ఇంట్లో ఆడే చేతులు ఇంక నాయీ, ఇయ్యీనండి."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, తప్పు అంకె కనిపిస్తే కొట్టేసే ముందు అది ఎలా వచ్చిందో పిల్లనే అడిగాను.

పోయినవి: కొండయ్య కుడిచేతి పట్టు. తొమ్మిదో తరగతి దగ్గర నాగమణి చదువు. శనివారం మూడున్నర నుంచి మంగళవారం పదకొండు దాకా, ఆ తోటకు వెళ్లి ఆపించడానికి నా చేతిలో ఉన్న అరవై ఏడున్నర గంటలు.