కిటికీ పక్కన రెండు కుర్చీలు

శాంతి గురించి మా చెల్లెలు పాఠం చెబుతుంటే గోడకి ఇవతల కూర్చున్న నాకు కూడా అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది. ఆవిడ అయిదేళ్ళ పిల్లల తరగతికి టీచరు. నేను అదే బడి ఆఫీసులో గుమాస్తాని. "పోట్లాట వస్తే ముందు ఎవరు మాట్లాడాలి?" అని ఆవిడ అడుగుతుంది. "ముందు ఎవరికి ధైర్యం వస్తే వాళ్ళు!" అని ఇరవై నాలుగు గొంతులు అరుస్తాయి. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎందుకంటే ఈ మహాతల్లి నాతో మాట్లాడి ఆరేళ్ళయింది.

నేనూ మాట్లాడలేదనుకోండి. అది వేరే సంగతి.

అలాగని ఆవిడ పని తెలియనిది కాదు. చలికాలం రాగానే పిల్లలందరికీ స్వెటర్లు తొడిగించి, ఆకులన్నీ రాలిపోయిన చెట్టు దగ్గరికి తీసుకుపోతుంది. కొమ్మ చివర గట్టిగా ముడుచుకున్న మొగ్గని వేలితో తడిమి చూడమంటుంది. "చెట్టు చచ్చిపోయిందా?" అంటే "లేదూ, పడుకుందీ!" అని వాళ్ళు గొంతు చించుకుంటారు. కిటికీ గట్టు మీద పిట్టలకి గింజలు పోయిస్తుంది. ఒకసారి ఒక పిల్లాడు నల్లపిట్ట బాగాలేదని దాన్ని తరిమాడు. ఆవిడ తిట్టలేదు. "ఏ పిట్టకి చలి తక్కువ వేస్తుందో చూసి నువ్వే చెప్పు" అంది. వాడు పొద్దున్నంతా అద్దానికి ముక్కు ఆనించి కూర్చుని, "అన్నీ వణుకుతున్నాయి టీచర్" అని దిగులుగా చెప్పాడు. ఇంకో రోజు రంగులు కలిపి ఎవరి చేతి రంగు వాళ్ళనే తయారు చేసుకోమంది. ఇరవై నాలుగు చేతులు, ఇరవై నాలుగు రంగులు. ఆ రంగులతో అద్దిన చేతి ముద్రలన్నీ వరండా గోడ మీద, సరిగ్గా నా బల్లకి ఎదురుగా ఉన్నాయి. వాటి పైన, లోకంలో యుద్ధాలు ఆపిన పెద్దల బొమ్మలు. వాళ్ళందరూ పొద్దస్తమానం నన్నే చూస్తుంటారు.

అన్నిటికన్నా గొప్పవి ఆవిడ కుర్చీలు. తరగతిలో కిటికీ పక్కన రెండు పసుపు రంగు బుల్లి కుర్చీలు వేసింది. పోట్లాడుకున్న ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాలి. ఎవరి బాధ వాళ్ళు చెప్పుకోకూడదు, ఎదుటివాళ్ళ బాధ చెప్పాలి. చెప్పేదాకా లేవడానికి లేదు. దీనికి పిల్లలకిచ్చే గడువు అయిదు నిమిషాలు.

నాకేమో చీటీలు పంపేది. సుద్దముక్కలు కావాలన్నా, జిగురు కావాలన్నా "ఆఫీసు వారికి" అని మొదలుపెట్టి చీటీ రాసేది. శాంతి వారం పేరుతో పిల్లలకి కాగితం రెక్కలు కట్టి పావురాల్ని చేసింది, ఆ పావురాలే నాకు చీటీలు మోసుకొచ్చేవి. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. చిన్నప్పుడు నా కొంగు వదలకుండా "అక్కా, అక్కా" అని తిరిగిన పిల్ల. నాకు కావలసింది మళ్ళీ ఆ ఒక్క పిలుపే. అడగడానికి నోరు రాలేదు. ఎందుకంటే నోరు జారింది నేను. ఏమన్నానో నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఈ చలికాలంలో పైఆఫీసు నుంచి ఒక పెద్దాయన తనిఖీకి వచ్చాడు. పెద్ద మేడం కేకేస్తే హాజరు పట్టీ పట్టుకుని ఆ తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన బొమ్మలన్నీ చూసి, "బాగుంది. మరి మీ తరగతిలో పోట్లాటలన్నీ తీరిపోయాయా?" అని పిల్లల్ని అడిగాడు.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉంది. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని బడిలో అందరూ ఎందుకమ్మ అంటారు. అది చెయ్యెత్తింది. "ఒకటి మిగిలిపోయిందండీ. మా టీచరుకీ ఆఫీసు ఆంటీకీ. ఎందుకో చెప్పరు."

నాకు తల కొట్టేసినట్టయింది. మా చెల్లెలి మొహం సున్నం వేసిన గోడలా అయిపోయింది. ఈలోగా ఎందుకమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది, ఇంకో ఇద్దరు టీచరుని లాక్కొచ్చారు. "ఇది పాఠ్యప్రణాళికలో ఉందా?" అని పెద్దాయన అడిగాడు. "ఉందండీ" అని పెద్ద మేడం తడుముకోకుండా అబద్ధమాడేసింది.

ఆ కుర్చీలో నేను సగమే పట్టాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఎదురుగా ఆవిడ. ఆరేళ్ళలో కణతల దగ్గర జుట్టు తెల్లబడింది, నేను చూడనే లేదు.

"ముందు ఎవరు?" అంది ఎందుకమ్మ.

"నేనే చెప్తాను" అన్నాను. "మా చెల్లికి పిల్లలంటే ప్రాణం. తన పిల్లలిద్దరు పుట్టకుండానే పోయారు. ఆర్నెల్లు తిరక్కముందే మా అబ్బాయి పుట్టినరోజు వచ్చింది. వాడేదో పగలగొడితే నేను చెయ్యెత్తాను. 'కొట్టకు, కూర్చోబెట్టి మాట్లాడు' అంది. పదిమందిలో నేను... 'కని పెంచితే తెలిసేది నీకు' అన్నాను. ఆ మాటకి ఆరేళ్ళు. అదీ తన బాధ."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"అంత మాట అనేసి ఆరేళ్ళు ఊరుకున్నావా ఆంటీ?" అంది ఎందుకమ్మ. "మాకైతే అయిదు నిమిషాలే ఇస్తారు."

ఇప్పుడు ఆవిడ వంతు. "మా అక్కకి ఆ మాట జారినప్పటి నుంచీ నొప్పే" అంది. "ఆ సాయంత్రమే మా ఇంటి గుమ్మం దాకా వచ్చి, తలుపు తట్టకుండా వెనక్కి వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి చూశాను. పిలవలేదు. తర్వాత ఎన్నిసార్లు పిలవాలనిపించినా పిలవలేదు. పిల్లలకి మాత్రం రోజూ ఇదే పాఠం చెప్పాను."

నేను వెళ్ళింది ఎవరూ చూడలేదనుకున్నాను. కోపం వచ్చింది, చూసి కూడా పిలవలేదా అని. లేవబోతే కుర్చీ నాతోపాటే లేచింది. పిల్లలు విరగబడి నవ్వారు. దాన్ని ఊడదీయడానికి మా చెల్లెలే ముందుకు రావలసి వచ్చింది.

పెద్దాయన తన నివేదికలో "బోధన సంతృప్తికరం, కుర్చీలు చిన్నవి" అని రాశాడు.

మర్నాడు పొద్దున్న రెక్కల పావురం చీటీ తెచ్చింది. సుద్దముక్కలు రెండు డబ్బాలు. పైన ఎవరికని ఏమీ రాయలేదు. వారానికి ఒక డబ్బాయే అని మా ఆఫీసు నియమం. ఒకటే పంపాను. రెండు నిమిషాలు కాలేదు, చేతులకి రంగు కారుతుండగానే మా చెల్లి గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"అక్కా! రెండడిగితే ఒకటి పంపిస్తావా? నీ సొమ్మేమైనా పోతోందా?"

"నియమం నీకొకటీ ఊళ్ళో వాళ్ళకొకటీనా? తింటున్నారా సుద్దముక్కలు?"

"చిన్నప్పుడూ ఇంతే, పెన్సిలు ముక్క అడిగితే ప్రాణం పోయేది నీకు!"

గొంతులు వరండా అంతా వినపడ్డాయి. ఎందుకమ్మ పరిగెత్తుకొచ్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కుర్చీలు తేవడానికి వెనక్కి తిరిగింది.

"వద్దులేవే" అన్నాం ఇద్దరం ఒకేసారి. "మమ్మల్ని కాసేపు పోట్లాడుకోనీ."