పడవ ఇంటికి ఈశాన్యం మూల

ఆ రోజుల్లో అనగానే మా మనవలు నేనేదో లాంతరు వెలుగులో చదువుకున్న సంగతి మొదలుపెడతాననుకుని లేచి వెళ్ళిపోతారు. నేను చెప్పే ఆ రోజులు మరీ అంత పాతవి కావు. నా చేతికి పెద్ద ఫోను కొత్తగా వచ్చిన రోజులు. పుట్టిన లెక్కన నాకప్పుడు అరవై ఆరేళ్ళు, ఫోను లెక్కన ఆరు నెలలు. ఆరు నెలల బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది కదా, నేను కనిపించిందల్లా నొక్కేదాన్ని. కాబట్టి ఇది నా పసితనపు కథే అనుకోండి.

అసలు దానికి కారణం నా పొదుపు. రోజుకింత డేటా వస్తుందనీ, ఆ రోజుది ఆ రోజే వాడకపోతే పోతుందనీ మా కోడలు ఒకసారి మాటవరసకి అంది. నాకు గుండె గుభేలుమంది. అన్నం వార్చిన గంజి పారబొయ్యని ఇంట్లో పుట్టినదాన్ని, చేతిలో ఉన్నది అలా పోతుంటే చూస్తూ కూర్చోనా? పాటలు వింటే తలనొప్పి, వంటలు చూస్తే ఆ పోసే నూనెకి కోపం. చివరికి ఇళ్ళు అమ్మకానికి పెట్టే యాప్ ఒకటేదో దొరికింది. నేను మిషను బడిలో ఐదో తరగతి గట్టెక్కినదాన్ని, ఇంగ్లీషు ముక్కలు ఎలాగూ రావు, కానీ బొమ్మలకి చదువెందుకండీ? పక్క వీధిలో ఉండే మా తోడికోడల్ని పిలిచి, మధ్యాహ్నం పూట ఇద్దరం అరుగు మీద కూర్చుని తాడేపల్లిగూడెం కదలకుండా జిల్లాలోని ఇళ్ళన్నిట్లోకీ దూరేవాళ్ళం.

ఎన్ని వింతలనుకున్నారు! భీమడోలు దగ్గర ఒక ఇంటికి బయటినుంచి మెట్లు ఉన్నాయి, పైకెళ్తే తలుపు లేదు, గోడే. (ఆ మెట్ల మీద వరసగా మామిడి ముక్కలు ఎండబెట్టారు, అదొక్కటే నాకు నచ్చింది.) గణపవరం వైపు ఒక చెరువుల ఆసామి డాబా మీద నీళ్ళ ట్యాంకుని రొయ్య ఆకారంలో కట్టించాడు. రొయ్య మీసానికి బట్టలారేసే తీగ కట్టారు. ఏలూరులో ఒక ఇల్లు రెండు మేడల మధ్య ఎంత సన్నంగా ఇరికిందంటే, "అక్కా, ఈ ఇంట్లో లావుగా ఉన్నవాళ్ళు వెనక్కి తిరగాలంటే వీధిలోకొచ్చి తిరగాలి," అంది మా తోడికోడలు. నేను ప్రతి ఇంటికీ తిట్లు సిద్ధంగా పెట్టుకునేదాన్ని. "స్నానాలగది తలుపు బార్లా తెరిచి ఫొటో తీస్తారా, సిగ్గులేకపోతే!" అని ఫోనుతోనే పోట్లాడేదాన్ని.

అలా తిట్టుకుంటూ ఉండగా పడవ ఇల్లు వచ్చింది. అచ్చం పడవే. ముందు కొమ్ము తేలి, పక్కలు గుండ్రంగా పొంగి, కిటికీలు పళ్ళేల్లా గుండ్రంగా, పైన తెరచాప కొయ్యలాగా ఒక ఇనుప గొట్టం. కొల్లేటి గట్టున నిలబడి, నీళ్ళెప్పుడు వస్తాయా బయల్దేరదామా అన్నట్టుంది. దాన్ని పెద్దది చేసి చూద్దామని ఎక్కడో నొక్కాను. ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆపడం ఎలాగో తెలిసేలోపే అవతల ఒక ఆడమనిషి, "ఇల్లు గురించాండీ? శనివారం రండమ్మా, మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికే వచ్చెయ్యండి," అంది. ఆ గొంతులో ఉన్న ఆశకి కాదనలేక, "అలాగేనండీ" అనేశాను. ఫోను పెట్టాక మా తోడికోడలు నోరు తెరిచింది. "చూడ్డానికి వెళ్ళడం అబద్ధమెలా అవుతుందే?" అని ఆవిడ అడక్కుండానే జవాబు చెప్పాను.

శనివారం గూడెంలో పాసింజరెక్కి ఏలూరులో దిగి, అక్కణ్ణుంచి బస్సెక్కి వెళ్ళాం. ఇంటాయన రోడ్లు పడని రోజుల్లో కొల్లేట్లో పడవ నడిపి, తర్వాత చేపల వ్యాపారం చేసిన మనిషి. ఊరంతా సరంగుగారనే అంటారు. ఫోన్లో మాట్లాడిన ఆయన భార్యని నేను మనసులో పడవమ్మ అనుకున్నాను. ఆయన ఇల్లంతా తిప్పి, "ఇది డెక్కండీ, ఇది కేబినండీ," అని మురుస్తుంటే, ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పింది. "పడకగది పైనండీ. ఈ ఇనప నిచ్చెనే దారి. నా మోకాళ్ళు పోయాయి. రోజూ ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి ప్రభువుని తలుచుకుంటున్నాను. ఇది అమ్ముడైతే పెంటపాడులో మా చెల్లెలి పక్కన నేల మీద రెండు గదులు చూసుకుంటామండీ. మీరు వస్తున్నారని రాత్రి నిద్రపట్టలేదు."

నాకు కాళ్ళ కింద డెక్కు కదిలినట్టయింది. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. కానీ కొర్రమీను పులుసు వాసన అడ్డొచ్చింది. (దాచడమెందుకు.) విస్తళ్ళ ముందు కూర్చున్నాక వాళ్ళూ మాలాగే చర్చికెళ్ళేవాళ్ళేనని తెలిసింది. సరంగుగారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ గృహానికి తగిన బిడ్డల్ని నీవే నడిపించి తెచ్చినందుకు స్తోత్రం," అని ప్రార్థన చేశారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

భోజనమయ్యాక పడవమ్మ తువ్వాలు అందిస్తూ, "ఎలా ఉందండీ మరి?" అంది. మా వైపు ఇల్లు నచ్చలేదని మొహమ్మీద ఎవరూ అనరు. పిల్ల వద్దంటే జాతకం మీద, ఇల్లు వద్దంటే వాస్తు మీద తోసెయ్యడం మర్యాద. ఆ అలవాటు నా నోట్లోంచి దానంతటదే జారింది. "బంగారంలా ఉందండీ. ఈశాన్యమే కాస్త తగ్గినట్టుంది."

సరంగుగారు లేచి నిలబడి, గుండ్రటి హాల్లో చుట్టూ ఒకసారి తిరిగారు. "మీరూ ఈశాన్యమేనంటారా? ఎక్కడండీ అది? నేనసలు మూలలే పెట్టలేదు కదండీ."

పడవమ్మ నావైపు అదోలా చూసింది. "ఇందాక అంత గట్టిగా ఆమెన్ అన్నారు. ఆమెన్ అన్నవాళ్ళకి కూడా ఈశాన్యం ఉంటుందాండీ?"

మా తోడికోడలు పైట చెంగు నోట్లో కుక్కుకుని గుండ్రటి కిటికీవైపు తిరిగిపోయింది. మా ఇంట్లో ఎవరు అబద్ధమాడినా చింతబరికె తీసే మనిషిని, ఎదుటివాళ్ళ ఇంట్లో చేపల చేత్తో దొరికిపోయాను. తల దించుకుని, "అమ్మా, మేం కొనేవాళ్ళం కాదు. మీ ఇల్లు వింతగా ఉందని చూడ్డానికొచ్చాం. ఆశ పెట్టి, అన్నం తిన్నాం. తప్పయిపోయింది," అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. "ఇప్పటికి పదకొండు మంది వచ్చారండీ. అందరూ ఈశాన్యమే అన్నారు. నిజంగా ఇంటికేదో లోపముందని ఈయన మొన్న తాపీమేస్త్రీని పిలిచి, పడవకి ఒక మూల కట్టమన్నారు. అయితే వాళ్ళంతా కూడా మీలాగేనన్నమాట." ఇంకా ఏదో అనబోయి ఆవిడే ఫక్కుమంది. సరంగుగారు మాత్రం నవ్వలేదు. "అయితే మూల అక్కర్లేదన్నమాట," అన్నారు బరువు దిగినట్టు.

నవ్వితే నవ్విందిగానీ మోకాళ్ళు అలాగే ఉన్నాయి కదా. ఆ పులుసు నాకు అరిగేలా లేదు. ఇంటి వెనకవైపు కిందనే తాళం వేసిన గది ఒకటి చూపించి, ఇదేమిటన్నాను.

"ఇంజను గదండీ," అన్నారు సరంగుగారు.

"ఇంజనుందా?"

"లేదండీ. పాత వలలున్నాయి."

"ఖాళీ చేస్తే మంచం పట్టదూ?"

"ఇంజను గదిలో ఎవరైనా పడుకుంటారాండీ?" ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

"చూడండీ, ఆవిడ రోజూ నిచ్చెనెక్కి పరలోకానికి సగం దూరం వెళ్ళొస్తోంది. మీకు పడవ ముఖ్యమా, పడవలో మనిషి ముఖ్యమా?" అన్నాను. క్షమాపణ చెప్పి పావుగంట కాలేదు, నా పాత అరుపు మళ్ళీ నా గొంతులోకి వచ్చేసింది.

కుచ్చెళ్ళు బొడ్లో దోపి నేనూ మా తోడికోడలూ వలలు బయటికి లాగాం. మంచం గుండ్రటి గుమ్మంలో పట్టక, ఊడదీసి ముక్కలుగా లోపలికి చేర్చాం. బస్సు వేళకి పడవమ్మ దాని మీద కూర్చుని కాళ్ళు బారచాపింది. కళ్ళు మూసుకుని రెండు మోకాళ్ళూ నిమురుకుంది. తర్వాత, "ఇల్లు అమ్ముడైనప్పుడు అవుతుంది లెండి, తొందరేముంది," అంది.

ప్రకటన మాత్రం తియ్యలేదు. కింద పడకగది కూడా ఉందని తెలియాలంటూ సరంగుగారు ఆ వేళే ఒక ఫొటో తీసి అందులో చేర్చారు. ఆయన తొందరలో ఫొటోలో నేనూ పడ్డాను. జుట్టునిండా బూజు, భుజాన వల ముక్క, ఎవరి మీదకో వేలెత్తి ఏదో అరుస్తున్నాను. ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు, నేనింకా అక్కడే నిలబడి ఉన్నాను. ఇప్పుడు నా మోకాళ్ళకీ నిచ్చెనలు పనికిరావు, ఇళ్ళు చూడ్డానికి బస్సులెక్కే ఓపికా లేదు. అప్పుడప్పుడూ ఆ బొమ్మ తీసి ఆ మనిషిని పలకరిస్తుంటాను. "ఏమ్మా, కొనేదానివి కాదు, పెట్టేదానివి కాదు, ఎవరింటికొచ్చి ఎవరి మీద ఆ కేకలు?" అంటాను. వేలు దించదు, మహాతల్లి.